పాత్ర, ప్రాయం, నటబృందం: పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ రంగస్థల జీవితం - పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ రంగస్థల నటీమణుల్లో అగ్రశ్రేణికి చెందిన పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ (1907-1991) జీవితాన్ని, నటనాప్రస్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మన పాఠకులకు ఆమె ముఖ్యంగా 'ఎ పాసేజ్ టు ఇండియా' (1984) చలనచిత్రంలోని మిసెస్ మూర్‌గా పరిచితురాలు. ఆ పాత్ర వెనుక 1926 నుండి 1982 వరకు సాగిన రంగస్థల కృషి ఉంది. నలభై ఏళ్ళు దాటిన నటికి ప్రధానపాత్రలు అరుదయ్యే వృత్తిలో, ఆమె గొప్ప పాత్రల్లో అధికభాగం ఆ వయస్సు తరువాతనే రావడానికి కారణాలేమిటన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న. ఒకే నాటకంలో వేర్వేరు ప్రాయాల్లో ఆమె ధరించిన వేర్వేరు పాత్రలను పోల్చి చూడటం, స్థిర నటబృందమనే వ్యవస్థ నటి ఎదుగుదలకు ఎలా తోడ్పడిందో వివరించడం ఈ వ్యాసం లక్ష్యాలు.

కీలకపదాలు: పెగ్గీ యాష్‌క్రాఫ్ట్, బ్రిటిష్ రంగస్థలం, షేక్‌స్పియర్, చెహోవ్, స్థిర నటబృందం, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ, నటి - ప్రాయం.

1. ఉపోద్ఘాతం:

నాటకరచయిత జీవితాన్ని పరిశోధించేవారికి అతని రచన చేతిలో ఉంటుంది. నటి జీవితాన్ని పరిశోధించేవారికి ఆ సౌకర్యం లేదు. తెర పడిన క్షణంలోనే ఆమె సృష్టి ముగుస్తుంది. మిగిలేవి పాత్రల జాబితాలు, నాటి పత్రికా సమీక్షలు, ఛాయాచిత్రాలు, సహనటుల జ్ఞాపకాలు. ఈ కారణం వల్లనే, సుదీర్ఘ రంగస్థల జీవితం గడిపిన నటి చివరకు తాను నటించిన ఒకటి రెండు చలనచిత్రాల ద్వారానే లోకానికి గుర్తుండిపోవడం తరచుగా జరుగుతుంది.

పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ విషయంలో జరిగింది అదే. ఈ.ఎం. ఫార్‌స్టర్ నవల ఆధారంగా డేవిడ్ లీన్ రూపొందించిన 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మిసెస్ మూర్ పాత్రకు 1985లో ఆమె ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ పురస్కారం పొందారు. అప్పటికి ఆమె వయస్సు 77 సంవత్సరాలు. ఆ విభాగంలో అంత పెద్ద వయస్సులో ఆ పురస్కారం పొందినవారు మరొకరు లేరు. ఈ వివరం చదివినవారికి, వార్ధక్యంలో అనుకోకుండా అదృష్టం వరించిన నటి అన్న భావన కలగవచ్చు. ఆమె పాత్రల క్రమాన్ని మొదటి నుండి పరిశీలిస్తే ఆ భావన నిలవదు. మిసెస్ మూర్ పాత్రలో కనిపించే సంయమనానికి మూలాలు అంతకుముందు అర్ధశతాబ్దానికి పైగా సాగిన రంగస్థల జీవితంలో ఉన్నాయి.

2. బాల్యం - శిక్షణ:

యాష్‌క్రాఫ్ట్ 1907 డిసెంబరు 22న లండన్ నగరానికి దక్షిణాన ఉన్న క్రోయిడన్‌లో జన్మించారు. పూర్తి పేరు ఈడిత్ మార్గరెట్ ఎమిలీ యాష్‌క్రాఫ్ట్. తండ్రి భూముల వ్యవహారాలు చూసే ఏజెంటు. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించారు. తల్లి ఔత్సాహిక నటి. ఎల్సీ ఫోగర్టీ వద్ద ఆమె వాచికాన్ని అభ్యసించారు. అదే ఫోగర్టీ నడుపుతున్న సెంట్రల్ స్కూల్‌లో కుమార్తె పదహారేళ్ళ వయస్సులో చేరారు. లారెన్స్ ఒలీవియర్ అక్కడ ఆమెకు సహవిద్యార్థి.

ఆ పాఠశాలలో ఉచ్చారణకూ స్వరానికీ ప్రాధాన్యం ఎక్కువ. అయితే విద్యార్థినిగా యాష్‌క్రాఫ్ట్‌ను ఎక్కువగా ఆకర్షించింది రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ ఆత్మకథ. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో నటీనటులంతా ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తూ, ఒక నాటకంలో నాయకపాత్ర ధరించినవారు మరొక నాటకంలో చిన్న పాత్ర ధరించే పద్ధతిని ఆ గ్రంథం వివరిస్తుంది. అప్పటి లండన్ వాణిజ్య రంగస్థలంలో ఒక్కో నాటకానికి నటులను ఒప్పందం చేసుకుని, ప్రదర్శనలు ముగియగానే విడిపోవడమే ఆచారం. స్థిర నటబృందం అనే భావన యాష్‌క్రాఫ్ట్ మనస్సులో ఇక్కడే నాటుకుంది. ఆమె తరువాతి జీవితాన్ని ఆ భావన సాకారమయ్యే చోటు కోసం సాగిన అన్వేషణగా చూడవచ్చు.

3. తొలి దశ (1926-1938):

1926లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్‌లో జె.ఎం. బారీ నాటకం 'డియర్ బ్రూటస్'లో రాల్ఫ్ రిచర్డ్‌సన్ సరసన ఆమె వృత్తినటిగా తొలి అడుగు వేశారు. 1929లో 'జ్యూ సూస్'లోని నవోమి పాత్ర గుర్తింపు తెచ్చింది. మరుసటి సంవత్సరం లండన్‌లోని సావోయ్ థియేటర్‌లో 'ఒథెల్లో' ప్రదర్శనలో ఆమె డెస్‌డెమోనా. ఒథెల్లోగా అమెరికన్ నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్, ఎమీలియాగా సిబిల్ థార్న్‌డైక్ నటించారు.

ఈ ప్రదర్శనకు యాష్‌క్రాఫ్ట్ జీవితంలో నటనకు మించిన ప్రాధాన్యం ఉంది. నల్లజాతి నటుడి సరసన నటించినందుకు ఆమెకు ద్వేషపూరిత లేఖలు వచ్చాయి. సావోయ్ థియేటర్ వేదికపై నాయకుడైన రోబ్సన్‌కు ఆ పక్కనే ఉన్న సావోయ్ హోటల్‌లో ప్రవేశం లేకపోవడం ఆమెకు ఆగ్రహం కలిగించింది. నాటకంలోని వర్ణవివక్ష నాటకశాల గుమ్మం వెలుపల యథాతథంగా ఉందని ఇరవై రెండేళ్ళ వయస్సులో ఆమెకు ప్రత్యక్షంగా తెలిసింది. ఆమె రాజకీయచైతన్యానికి ఈ అనుభవమే నాంది.

1932లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నాటకసంఘం కోసం జాన్ గీల్‌గుడ్ 'రోమియో అండ్ జూలియట్'కు దర్శకత్వం వహించారు. దర్శకుడిగా అది ఆయన తొలి ప్రయత్నం. జూలియట్ యాష్‌క్రాఫ్ట్, దాది పాత్రలో ఈడిత్ ఎవాన్స్. అదే ఏడాది లిలియన్ బేలిస్ నిర్వహణలోని ఓల్డ్ విక్ థియేటర్‌లో ఆమె చేరారు. తక్కువ ధర టిక్కెట్లతో సామాన్యప్రేక్షకులకు షేక్‌స్పియర్‌ను అందించిన సంస్థ అది. కొద్ది వారాలకొక నాటకం మారేది. ఒక్క ప్రదర్శనకాలంలోనే రోజలిండ్, ఇమోజెన్, పోర్షియా, పెర్డిటా, జూలియట్, మిరాండా వంటి పాత్రలను ఆమె పోషించారు. ఒక్కో పాత్రను లోతుగా పరిశీలించే వ్యవధి ఆ పద్ధతిలో ఉండదు. అయితే పద్యసంభాషణను శ్వాసకు అనుగుణంగా పలికే నేర్పు అలవడటానికి అంతకు మించిన పాఠశాల లేదు.

1935లో న్యూ థియేటర్‌లో ఆమె మూడవసారి జూలియట్ అయ్యారు. ఈ ప్రదర్శనలో గీల్‌గుడ్, ఒలీవియర్ ఇద్దరూ రోమియో, మెర్క్యూషియో పాత్రలను మార్చుకుంటూ నటించారు. పద్యంలోని సంగీతానికి ప్రాధాన్యమిచ్చే గీల్‌గుడ్, వాస్తవికమైన ఆవేశానికి ప్రాధాన్యమిచ్చే ఒలీవియర్ - ఈ భిన్నధోరణుల రోమియోలకు దీటుగా ఒకే జూలియట్ నిలవవలసి వచ్చింది. ఆ తరువాత కొమిసర్‌జెవ్‌స్కీ దర్శకత్వంలో చెహోవ్ 'సీగల్'లో నీనా (1936).

1937-38లో క్వీన్స్ థియేటర్‌లో గీల్‌గుడ్ ఒక ప్రదర్శనకాలం పాటు నటబృందాన్ని నిలిపి నాలుగు నాటకాలు ప్రదర్శించారు. 'రెండవ రిచర్డ్'లో రాణిగా, 'స్కూల్ ఫర్ స్కాండల్'లో లేడీ టీజిల్‌గా, 'త్రీ సిస్టర్స్'లో ఇరీనాగా, 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో పోర్షియాగా యాష్‌క్రాఫ్ట్ నటించారు. మైకేల్ రెడ్‌గ్రేవ్, అలెక్ గిన్నిస్ ఈ బృందంలో సభ్యులు. ఫ్రెంచి దర్శకుడు మిషెల్ సాన్-డెనీ నిర్వహించిన 'త్రీ సిస్టర్స్' సమష్టినటనకు గీటురాయిగా పేరు పొందింది. నాలుగు నాటకాలతో ఆ ప్రయోగం ముగిసింది. ప్రభుత్వ సహాయం లేకుండా, టిక్కెట్ల ఆదాయంపైనే ఆధారపడి నటబృందాన్ని ఏళ్ళ తరబడి పోషించడం ఎంత కష్టమో ఈ అనుభవం తెలియజేస్తుంది.

4. నడిప్రాయం (1947-1956):

నాయికల వయస్సు దాటిన నటికి నాటకసాహిత్యంలో సాధారణంగా మిగిలేవి తల్లి, అత్త, దాది పాత్రలు. షేక్‌స్పియర్ నాటకాల్లోనూ యువతుల పాత్రలతో పోలిస్తే నడివయస్సు స్త్రీల పాత్రలు తక్కువ. నలభై ఏళ్ళ ప్రాయంలో యాష్‌క్రాఫ్ట్ ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు గమనింపదగింది. 'ఎడ్వర్డ్, మై సన్' (1947)లో మద్యానికి బానిసైన భార్యగా నటించారు. హెన్రీ జేమ్స్ 'వాషింగ్టన్ స్క్వేర్' ఆధారంగా వచ్చిన 'ది ఎయిరెస్' (1949)లో అందచందాలు లేని, తండ్రి తిరస్కారానికి గురైన కేథరీన్ స్లోపర్ అయ్యారు. మృదువైన యువతిగా ముద్రపడిన నటి ఆ ముద్రను తానే చెరిపివేసుకున్న సందర్భాలివి.

1952లో టెరెన్స్ రాటిగన్ 'ది డీప్ బ్లూ సీ'లో హెస్టర్ కోలియర్ పాత్ర ధరించారు. న్యాయమూర్తి అయిన భర్తను విడిచి, తన ప్రేమకు సరితూగే ప్రేమ ఇవ్వలేని యువకుడితో జీవిస్తూ, ఆత్మహత్యాయత్నంతో నాటకంలో ప్రవేశించే స్త్రీ ఆమె. మరుసటి ఏడు స్ట్రాట్‌ఫర్డ్‌లో రెడ్‌గ్రేవ్ సరసన క్లియోపాత్రా, 1954లో ఇబ్సెన్ 'హెడ్డా గాబ్లర్'. ఆ నాటకాన్ని నార్వేలోనూ ప్రదర్శించగా ఆ దేశపు రాజు ఆమెను సత్కరించారు. 1956లో బ్రిటిష్ ప్రభుత్వం 'డేమ్' బిరుదునిచ్చింది. అదే ఏడాది, నూతన రచయితల వేదికగా రూపొందుతున్న రాయల్ కోర్ట్ థియేటర్‌లో బ్రెహ్ట్ రాసిన 'ది గుడ్ వుమన్ ఆఫ్ సెట్జువాన్'లో ఆమె నటించారు. బిరుదు పొందిన ఏడాదిలోనే అలవాటు లేని శైలికి తనను అప్పగించుకోవడంలో ఆమె స్వభావం తెలుస్తుంది.

5. స్థిర నటబృందం: రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ:

స్ట్రాట్‌ఫర్డ్ థియేటర్ బాధ్యతలు స్వీకరించిన యువదర్శకుడు పీటర్ హాల్, దీర్ఘకాలిక ఒప్పందాలతో ఒక స్థిరబృందాన్ని నిర్మించదలచి మొదట ఆశ్రయించినవారిలో యాష్‌క్రాఫ్ట్ ఒకరు. విద్యార్థిదశ నుండి ఆశించిన వ్యవస్థ కనుక ఆమె వెంటనే అంగీకరించారు. 1961లో ఆ సంస్థ రాయల్ షేక్‌స్పియర్ కంపెనీగా పేరు మార్చుకుంది. అంతటి పేరున్న నటి చేరడం ఇతరులకు నమ్మకాన్ని కలిగించింది. ఈ సంబంధంలో సంస్థ ఆమెకు ఎంత ఇచ్చిందో, ఆమె సంస్థకు అంత ఇచ్చారు.

5.1. ఒకే నాటకం - రెండు ప్రాయాలు:

1930లో డెస్‌డెమోనాగా నటించిన యాష్‌క్రాఫ్ట్, 1961లో స్ట్రాట్‌ఫర్డ్‌లో గీల్‌గుడ్ ఒథెల్లోగా ఉన్న ప్రదర్శనలో ఎమీలియా అయ్యారు. 1936లో 'సీగల్' నాటకంలో నీనాగా నటించిన ఆమె, 1964లో కంపెనీకి వెలుపల జరిగిన మరొక ప్రదర్శనలో ఆర్కాడినా పాత్ర ధరించారు. అప్పటి నీనా వనెస్సా రెడ్‌గ్రేవ్.

ఈ జతలను సూక్ష్మంగా గమనించాలి. ఎమీలియా తన యజమానురాలి అమాయకత్వాన్ని చూస్తూ, ఆలస్యంగా సత్యం గ్రహించి, దాన్ని పలికి ప్రాణం కోల్పోతుంది. ఆర్కాడినా పేరుపొందిన నటి. వయస్సు మీదపడుతోందన్న భయంతో నీనా యౌవనాన్ని సహించలేదు. ఒకనాడు లోపలి నుండి అనుభవించిన పాత్రను ముప్పై ఏళ్ళ తరువాత ఎదురుగా నిలబడి చూసే స్థితి నటికి ఇక్కడ లభిస్తుంది. నాటకం మొత్తాన్ని రెండు కోణాల నుండి ఎరిగిన నటికి ఎదుటి పాత్ర మౌనం కూడా పరిచితమే. రోజలిండ్, ఇమోజెన్ పాత్రలను 1932-33లో ధరించిన ఆమె 1957లో, నలభై తొమ్మిదేళ్ళ వయస్సులో, మళ్ళీ ధరించడం దీనికి మరో పార్శ్వం. అక్కడ పాత్ర మారలేదు. పాత్రను చేరుకునే ప్రాయం మారింది.

5.2. మార్గరెట్ రాణి:

ఆమె రంగస్థల జీవితానికి శిఖరంగా చెప్పదగినది 'ది వార్స్ ఆఫ్ ది రోజెస్' (1963-64). షేక్‌స్పియర్ 'ఆరవ హెన్రీ' మూడు భాగాలను జాన్ బార్టన్ రెండు నాటకాలుగా కుదించి, 'మూడవ రిచర్డ్'తో కలిపి నాటకత్రయంగా మలిచారు. ఆరవ హెన్రీ భార్య, ఫ్రాన్సు నుండి వచ్చిన ఆన్జూ మార్గరెట్ ఈ మూడు నాటకాల్లోనూ కనిపించే పాత్ర. మొదట యువరాణి, పిదప ప్రియుణ్ణి కోల్పోయిన స్త్రీ, సేనలను నడిపించే రాణి, చివరకు సర్వం కోల్పోయి శాపనార్థాలు పెట్టే వృద్ధురాలు. యాభై అయిదేళ్ళ నటి ఒకే పాత్రలో యౌవనం నుండి వార్ధక్యం వరకు ప్రయాణించవలసి వచ్చింది.

బందీగా చిక్కిన యార్క్ ప్రభువు తలపై కాగితపు కిరీటం పెట్టి, అతని చిన్న కుమారుడి నెత్తురులో ముంచిన చేతిరుమాలును మార్గరెట్ అతనికి అందించే ఘట్టం ఈ నాటకాల్లో అత్యంత క్రూరమైనది. యార్క్ పాత్రధారి డోనాల్డ్ సిండెన్. ఈ సన్నివేశంలో యాష్‌క్రాఫ్ట్ క్రూరత్వాన్ని ఏకరీతిగా ప్రదర్శించరు. గెలిచిన సంతోషం, దాని అడుగున అలసట, తాను ఎంత దూరం వచ్చిందో తనకే తెలిసిన క్షణికమైన తడబాటు వరుసగా కనిపిస్తాయి. ఈ ప్రదర్శనలను బి.బి.సి. చిత్రీకరించి 1965లో ప్రసారం చేసింది. మనకు దక్కిన అరుదైన ప్రత్యక్షసాక్ష్యం ఇది. సమీక్షలపై మాత్రమే ఆధారపడకుండా ఆమె రంగస్థల నటనను పరిశీలించదలచినవారు ఈ చిత్రీకరణతో ఆరంభించడం సముచితం.

6. మాట తగ్గిన పాత్రలు: పింటర్ - బెకెట్:

అరవై ఏళ్ళకు చేరువలో ఆమె ఆధునిక నాటకం వైపు మరింతగా మొగ్గారు. హెరాల్డ్ పింటర్ రాసిన 'లాండ్‌స్కేప్' నాటకంలో భార్యాభర్తలు ఒకే గదిలో కూర్చుని, ఒకరి మాట మరొకరికి అందని విధంగా ఎవరి జ్ఞాపకాలు వారు చెప్పుకుంటారు. నాటకాలను ముందుగా పరిశీలించే అధికారం గల లార్డ్ ఛాంబర్లెన్ కార్యాలయం కొన్ని పదాలను తొలగించాలని కోరగా పింటర్ అంగీకరించలేదు. ఆ అధికారం రేడియోకు వర్తించదు కనుక నాటకం 1968లో బి.బి.సి. రేడియోలో యాష్‌క్రాఫ్ట్ గళంతో మొదట ప్రసారమైంది. అదే ఏడాది నాటకాలపై ఆ నియంత్రణ చట్టపరంగా రద్దయింది. 1969లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఆ నాటకాన్ని వేదికపైకి తెచ్చింది. బెత్ పాత్రలో మళ్ళీ యాష్‌క్రాఫ్టే.

1975లో నేషనల్ థియేటర్ తరఫున శామ్యూల్ బెకెట్ 'హ్యాపీ డేస్'లో ఆమె విన్నీ. మొదటి అంకంలో నడుము వరకు, రెండవ అంకంలో మెడ వరకు మట్టిదిబ్బలో కూరుకుపోయి ఉండే స్త్రీ పాత్ర అది. ఆంగికాభినయానికి దాదాపు అవకాశం లేదు. కనులు, స్వరం, విరామం మాత్రమే సాధనాలు. ఓల్డ్ విక్ నాటి పద్యశిక్షణ ఇక్కడ పనికివచ్చింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసిన నటికే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

1981లో ట్రెవర్ నన్ దర్శకత్వంలో 'ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్'లో రూసియాన్ ప్రభుపత్నిగా నటించారు. కన్నకొడుకు తప్పును గుర్తించి, అతను తిరస్కరించిన యువతి పక్షం వహించే తల్లి పాత్ర ఇది. 1982లో లండన్ బార్బికన్‌లో కొనసాగిన ఈ ప్రదర్శనతో ఆమె రంగస్థల జీవితం ముగిసింది.

7. భారతదేశ నేపథ్యంలోని రెండు పాత్రలు:

హిచ్‌కాక్ 'ది 39 స్టెప్స్' (1935)లో రైతుభార్యగా, 'ది నన్స్ స్టోరీ' (1959)లో మఠాధికారిణిగా కనిపించినా, చలనచిత్రాలు యాష్‌క్రాఫ్ట్‌కు చాలాకాలం పక్కదారిగానే ఉన్నాయి. వేదిక నుండి విరమించాక వచ్చిన రెండు పాత్రలు వలసపాలన నాటి భారతదేశానికి చెందినవి కావడం విశేషం. పాల్ స్కాట్ నవలల ఆధారంగా గ్రెనడా టెలివిజన్ నిర్మించిన 'ది జ్యువెల్ ఇన్ ది క్రౌన్' (1984)లో ఆమె బార్బీ బాచిలర్ అనే విశ్రాంత మిషనరీ ఉపాధ్యాయిని. అదే ఏడాది విడుదలైన 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మిసెస్ మూర్. ఈ చిత్రంలో అధికభాగాన్ని బెంగళూరు పరిసరాల్లో చిత్రీకరించారు.

ఇద్దరూ వృద్ధులు, ఇద్దరూ పాలకజాతికి చెందినవారు, ఇద్దరూ ఆ సమాజంలో ఇమడలేనివారు. బార్బీ ఆగకుండా మాట్లాడుతుంది, తన మాట ఎవరూ వినడం లేదని తెలిసి క్రమంగా మౌనంలోకి జారుకుంటుంది. మిసెస్ మూర్ మసీదులో చెప్పులు విప్పి నిలబడి, డాక్టర్ అజీజ్‌తో ఏ అధికారమూ ధ్వనించకుండా మాట్లాడుతుంది. గుహలో ప్రతిధ్వని విన్న తరువాత ఆమె విశ్వాసం చెదిరిపోతుంది. నవలలో ఫార్‌స్టర్ కథనం ద్వారా చెప్పిన ఈ అంతర్గత పతనాన్ని చిత్రంలో నటి ముఖమే చెప్పవలసి ఉంది. కదలకుండా, మాట లేకుండా శూన్యతను అభినయించడం విన్నీ, బెత్ పాత్రల నుండి ఆమెకు సంక్రమించిన విద్య అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రోబ్సన్‌కు జరిగిన అవమానాన్ని యౌవనంలోనే చూసిన నటి, అజీజ్ నిర్దోషి అని నమ్మే స్త్రీ పాత్ర ధరించడమూ విస్మరింపదగినది కాదు.

8. ఒక అభ్యంతరం:

స్థిర నటబృందమే ఈ ఎదుగుదలకు ఏకైక కారణమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కేథరీన్ స్లోపర్, హెస్టర్ కోలియర్ పాత్రలు వాణిజ్య రంగస్థలం ఇచ్చినవే. పైగా అదే బృందాల్లో పనిచేసిన నటీమణులందరికీ ఇటువంటి పాత్రలు దక్కలేదు. ఆమెకు అప్పటికే ఉన్న ప్రతిష్ఠ సంస్థలో ఆమె స్థానాన్ని నిర్ణయించింది. అయినా వాణిజ్య రంగస్థలం ఇవ్వలేనిది ఒకటుంది. యాభై అయిదేళ్ళ నటి యువరాణిగా ప్రవేశించి వృద్ధురాలిగా నిష్క్రమించే మూడు నాటకాల ప్రదర్శనను, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసే వ్యవస్థ మాత్రమే తలపెట్టగలదు.

9. ముగింపు:

యాష్‌క్రాఫ్ట్ 1991 జూన్ 14న లండన్‌లో మరణించారు. ఆమె జన్మస్థలమైన క్రోయిడన్‌లో 1962లో నెలకొల్పిన యాష్‌క్రాఫ్ట్ థియేటర్ ఆమె జీవించి ఉండగానే ఆమె పేరు పెట్టుకున్న నాటకశాల. ఈ పరిశీలన నుండి తేలిన అంశాలు:

- యాష్‌క్రాఫ్ట్ రంగస్థల జీవితంలో హెస్టర్, క్లియోపాత్రా, హెడ్డా, మార్గరెట్, విన్నీ వంటి ప్రధానపాత్రలు నలభై ఏళ్ళు దాటిన తరువాత ధరించినవే.

- ఒకే నాటకంలో యువతిగానూ, ప్రౌఢగానూ నటించిన సందర్భాలు నటి ఎదుగుదలను కొలవడానికి జీవితచరిత్రలోని పురస్కారాల జాబితా కంటే నమ్మదగిన ఆధారాలు.

- స్థిర నటబృందం నటికి భద్రతనే కాక, వయస్సుతో పాటు పాత్రను మార్చుకునే అవకాశాన్ని ఇస్తుంది. దీనికి ప్రతిష్ఠ గల నటీనటుల సహకారం, ప్రభుత్వ ఆదరణ రెండూ అవసరం.

- మిసెస్ మూర్ పాత్రను ఆమె చివరి దశలోని విడి విజయంగా కాక, పద్యనాటకం నుండి బెకెట్ వరకు సాగిన శిక్షణకు కొనసాగింపుగా అధ్యయనం చేయాలి.

ఈ పరిశీలనాపద్ధతి తెలుగు నాటక పరిశోధనకూ ఉపకరిస్తుంది. సురభి వంటి కుటుంబ నాటకసమాజాల్లో బాలపాత్రలతో వేదికనెక్కి, అదే సమాజంలో పెద్ద పాత్రల వరకు ఎదిగిన నటీమణులున్నారు. ఏ నాటకంలో, ఏ ప్రాయంలో, ఏ పాత్ర ధరించారన్న వివరాలను వారు మన మధ్య ఉన్నప్పుడే అడిగి నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.